ఎలీసమ్మ నలభై రోజులు

కోటబొమ్మాళి స్టేషన్‌కి ఆటోలో పావుగంట దూరంలో ఉన్న ఆ ఊళ్లో, శ్రమల దినాలు వచ్చాయంటే సంఘంలో మొదట వినిపించే పేరు ఎలీసమ్మది. ఈస్టరుకి ముందు నలభై రోజులూ ఆవిడ పొద్దున తినేది కాదు, మధ్యాహ్నం తినేది కాదు. పొద్దుగూకాక ఎవరింట్లోనో జరిగే ప్రార్థన కూటం ముగిశాకే ఇంత గంజన్నం తాగేది. మిగతావాళ్లు శుక్రవారం ఒక్కపూట మానేసి, దానికే కళ్లు తిరిగాయని చెప్పుకునేవారు. ఎలీసమ్మ మాత్రం బడి వంటశాలలో ఎనభై మంది పిల్లలకి వండి వడ్డించి, తను మెతుకు ముట్టకుండా ఇంటికొచ్చేది. అన్నం పక్కన కూర్చుని ఆకలిని గెలిచిన మనిషి అని పేటలో ముసలాళ్లు కోడళ్లకి ఆవిణ్ణి చూపించేవారు.

ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఎలీసమ్మ తల వంచుకునేది. అందరూ దాన్ని వినయం అనుకున్నారు.

ఇంత కటిక ఉపవాసం ఆవిడ ఎప్పణ్ణించి మొదలుపెట్టిందో ఎవరూ పట్టించుకోలేదు. 2014 నుంచి. అంతకుముందు ఏడాది ఆగస్టులో బళ్లో జరిగినదానికీ దీనికీ లంకె ఉందని ఆవిడకీ దేవుడికీ తప్ప ఇంకెవరికీ తెలీదు.

ఆ వంట పని ఎలీసమ్మకి ఊరికే రాలేదు. ఊరికి ఎడంగా ఉన్న దళితుల పేటలో వాళ్లంతా తాతల కాలం నుంచీ బాప్టిస్టు సంఘం వాళ్లు. ఊళ్లో వాళ్లు రైతులు. పేట మనిషి వండితే మా పిల్లలు తినరని ఊళ్లో కొందరు అడ్డం తిరిగారు. పేటంతా సంతకాలు పెట్టి, ఏడాదిపాటు ఆఫీసుల చుట్టూ తిరిగి ఆ పని సాధించుకుంది. మొదటి రోజున రైతుల పిల్లలు కంచాల ముందు కూర్చున్నారే గానీ ఎవరూ చెయ్యి పెట్టలేదు. రెండో వంటమనిషి చిన్నతల్లి రైతుల కోడలు, మొగుడు పోయి అత్తవారింట్లోనే ఉంటోంది. ఆ పిల్ల తన కంచం తెచ్చుకుని ఎలీసమ్మ చేత వడ్డించుకుని, వరండాలో అందరికీ కనబడేచోట కూర్చుని తినడం మొదలెట్టింది. "ఉప్పు సాల్నేదప్పా" అంది. పిల్లలు నవ్వారు. నవ్వాక తిన్నారు. అప్ప అంటే అక్క. ఊళ్లో రైతుల ఇళ్లనుంచి ఎలీసమ్మని వరస కలిపి పిలిచింది చిన్నతల్లీ, ఆవిడ కూతురూ మాత్రమే. రెండేళ్లు ఆ ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర పనిచేశారు.

ఆ ఆగస్టు రోజు ముసురు పట్టింది. కట్టెలు తడిసి షెడ్డంతా పొగ. చిన్నతల్లి టమాటా పప్పు దించి, డేగిసా మీద మూతపెట్టి, కంచాలు కడగడానికి బోరింగు దగ్గరికి వెళ్లింది. ఎలీసమ్మ మూత తీసి పోపు వేసింది. అంతలో హెడ్‌మాస్టరు జగన్నాధం గారు పిలిస్తే వెళ్లి, ఆయన గుడ్ల సంగతి అడుగుతుంటే పది నిమిషాలు నిలబడిపోయింది. తిరిగొచ్చి గరిటె పెట్టి కలిపింది. గరిటెలోకి బల్లి వచ్చింది.

బయట పిల్లలు వరసల్లో కూర్చుని కంచాలు వాయిస్తున్నారు. పప్పు పారబోస్తే ఎందుకు పారబోశావని అడుగుతారు. పేట మనిషి వంటలో బల్లి పడిందన్న మాట గంటలో ఊరంతా తిరుగుతుంది. ఏడాది తిరిగి సంపాదించుకున్నది ఒక్క పూటలో పోతుంది. ఇదంతా ఆవిడ ఆలోచించిందని కాదు, ఒక్కసారిగా వచ్చి మీద పడింది. గరిటెలోది పొయ్యిలోకి విసిరేసింది. చుట్టూ చూసింది. ఎవరూ లేరు. డేగిసా ఎత్తుకెళ్లి వడ్డించింది.

మూడో తరగతి వరసలో చిన్నతల్లి కూతురు ఈశ్వరి ఉంది. "పెద్దమ్మా, నాకెక్కువెయ్యి" అంది. ఎలీసమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తరవాత వేసింది.

గంటన్నర తిరిగేసరికి వాంతులు. ఇరవైముగ్గురు పిల్లలు. ఆటోలు, అంబులెన్సు, ఏడుపులు. ఈశ్వరిని భుజాన వేసుకుని రోడ్డుదాకా పరిగెత్తింది ఎలీసమ్మే. సాయంత్రానికి ఇరవైరెండు మంది లేచి కూర్చున్నారు. ఈశ్వరి మాత్రం మూడు రోజులు కళ్లు తెరవలేదు.

డేగిసా అడుగున తోక ముక్క దొరికింది. మర్నాడు విచారణకొచ్చిన అధికారి బడి వరండాలో కుర్చీ వేసుకుని, పప్పు దగ్గర ఎవరున్నారని అడిగాడు. ఊరంతా అక్కడే నిలబడి ఉంది. ఎలీసమ్మ ముందుకొచ్చింది.

"నాను అన్నం కాడున్నాను బాబూ. పప్పు సిన్నతల్లి సూసుకున్నాది. మూతెట్టిందో నేదో నాకు తెల్దు."

చిన్నతల్లి అక్కడ లేదు, ఆసుపత్రిలో కూతురి మంచం దగ్గరుంది. ఆ మాట అక్కడికే చేరింది. పనిలోంచి తీసేశారు. కన్నబిడ్డకే ఇసమెట్టిన సెయ్యి అని అత్తగారు వాకిట్లో నిలబడి అంది. ఈశ్వరి బతికి బయటపడ్డ నెలకే తల్లీకూతుళ్లు చీపురుపల్లిలో ఉన్న చిన్నతల్లి అన్న ఇంటికి వెళ్లిపోయారు. వెళ్లేదాకా చిన్నతల్లి ఎవరికీ ఎదురు చెప్పలేదు. ఎలీసమ్మకి అంతుపట్టనిది అదే. మూత పెట్టానని తనకి తెలుసు కదా, మరెందుకు పోట్లాడలేదు? పోట్లాడి ఉంటే ఎలీసమ్మ ఏ మధ్యలోనో నిజం ఒప్పుకునేదేమో. కనీసం ఆవిడ అలా అనుకునేది.

2018లో శ్రమల దినాలు ఫిబ్రవరి పద్నాలుగున మొదలయ్యాయి. ఆ ఏడు సంఘానికి కొత్త పాస్టరు వచ్చారు. పేరు ఫిన్నీ, విజయనగరం వైపు మనిషి, ముప్ఫై నిండలేదు. మొదటి రోజు కూటం ఎలీసమ్మ ఇంట్లోనే పెట్టారు. ఆవిడ భర్త సత్యరాజు తాపీ మేస్త్రీ. చాపలు పరిచి, వాకిట్లో బల్బు వేలాడదీశాడు.

ఫిన్నీ గారు పెద్దగా అరిచి ప్రసంగించే మనిషి కాదు. "విజయనగరం వెళ్లాలనుకుని ఇచ్ఛాపురం బండి ఎక్కేశాం అనుకోండి" అన్నారు. "తప్పు బండి ఎక్కామని తెలిసింది. ఏడ్చాం. తిండి మానేశాం. కానీ దిగలేదు. విజయనగరం వస్తుందా? మన ఏడుపు నిజమే, మన ఆకలీ నిజమే. బండి మాత్రం ఇచ్ఛాపురమే పోతుంది. పశ్చాత్తాపం అంటే దిగడం. దిగి, ఎక్కిన చోటికి వెనక్కి రావడం. ఈ నలభై రోజులూ దేవుడు మనకిచ్చేది అందుకే."

అందరూ ఆమెన్ అన్నారు. ఎలీసమ్మ అనలేకపోయింది.

కూటం అయ్యాక ఆయన ఆవిణ్ణి పిలిచారు. శుభ శుక్రవారం నాడు, ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడటం ఆ సంఘం ఆనవాయితీ. మొదటి మాట క్షమాపణ గురించి. తనకు మేకులు కొట్టినవాళ్లు తెలియక చేస్తున్నారు, వాళ్లని క్షమించమని తండ్రిని అడిగిన మాట.

"మొదటి మాట మీరు చెప్పాలమ్మా. పెద్దలందరూ మీ పేరే చెప్పారు."

"నాను సెప్పనేనయ్యగారూ."

"ఎందుకమ్మా?"

ఎలీసమ్మ కొంగు వేలికి చుట్టుకుంది. "తెలిసి సేసినోల మాటేటయ్యగారూ? ఆలకి కూడా ఆ మాట వర్తిస్తాదా?"

"ఎవరి సంగతమ్మా?"

"ఊరికే అడిగినాను."

నాలుగు రోజులు ఎలాగో గడిచాయి. వంట చేస్తున్నంతసేపూ ఒకటే పని. మూత తియ్యడం, పెట్టడం, మళ్లీ తీసి చూడ్డం. ఐదో రోజు బడి అయ్యాక తిన్నగా పాస్టరు గారి ఇంటికెళ్లి, అరుగు మీద కూర్చుని, మొదటినుంచి చివరిదాకా చెప్పేసింది. ఆయన భార్య మంచినీళ్లు తెస్తే పుచ్చుకోలేదు. చెప్పడం అయ్యాక ప్రార్థన చేస్తారని, భుజం మీద భారం దిగిపోతుందని తల వంచుకుని ఎదురుచూసింది.

ఫిన్నీ గారి ముఖం పాలిపోయి ఉంది. ఆయన కళ్లు మూసుకోలేదు.

"నాతో చెప్పారు, మంచిది. కానీ చెడింది నాకు కాదమ్మా."

"దేవుడి కాడ రోజూ ఒప్పుకుంతన్నానయ్యగారూ. ఐదేళ్లయి తిండి..."

"తిండి మానేస్తే చిన్నతల్లి పేరు మీదున్న మచ్చ పోయిందా?" ఆయన గొంతు కరకుగా లేదు, అందుకే ఎక్కువ తగిలింది. "నేనేమీ తేలిక చేసి చెప్పను. మీరు వెళ్తే ఏమవుతుందో నాకు తెలీదు. పని పోవచ్చు. ఆవిడ మిమ్మల్ని కొట్టినా కొట్టొచ్చు. పెద్దలు మీకు రొట్టె, ద్రాక్షరసం ఇవ్వొద్దంటారు, ప్రభువు బల్లకి దూరం పెట్టమంటారు, నేను కాదనలేను. అయినా వెళ్లమనే చెబుతాను. ప్రార్థన మీరు వెళ్లొచ్చాక చేద్దాం."

ఆ సాయంత్రం సత్యరాజుకి చెప్పింది. అతను తాపీ కడుగుతున్నవాడల్లా ఆగిపోయాడు. ఐదేళ్లు పక్కనే పడుకున్న మనిషికి కూడా తెలియని సంగతి అది.

"ఇన్నేల్లు దాసినావు. ఇంకా దాసెయ్యి" అన్నాడు చివరికి. "నీ ఒక్కదాని సంగతా ఇది? పేట మొత్తం మాట పడాల. ఆల సేత ఒండించొద్దని ఆ దినాన్నే సెప్పినాం కదా అని ఊల్లో ఒకొక్కలూ లెగుస్తారు. మన పిల్లలు ఆ బళ్లోకి ఎలగెల్తారు?"

"నాకూ అదే బయం మావా. ఆ బయంతోనే ఆ దినం అబద్దమాడినాను. అదే బయంతో ఇంకెన్నాల్లాడాల?"

"ఆ పిల్ల ఎక్కడో బతుకుతన్నాది కదా. ఇప్పుడెల్లి పుండు గెలకడమెందుకు?"

అతను ఆ రాత్రి నుంచి ఆవిడతో మాట్లాడటం మానేశాడు. ఆవిడ మర్నాడు వెళ్లలేదు. ఆ వారమంతా వెళ్లలేదు. కూటాలకి వెళ్లింది, గంజన్నం తాగింది, నిద్రపట్టక దొర్లింది. మార్చి వచ్చి, మామిడి పూత రాలి పిందె కనబడుతున్న ఒక ఆదివారం సాయంత్రం, పేటలో ఉండే ప్రిస్కిల్లా తన కొత్త కోడలితో వచ్చి, "మా పిల్లని దీవించు ఎలీసమ్మప్పా, నీలాటి బక్తి రావాల" అంటే, కోడలు వంగింది. ఎలీసమ్మ చెయ్యి పైకెత్తింది గానీ ఆ పిల్ల తల మీద పెట్టలేకపోయింది. మర్నాడు బడికి సెలవు చెప్పి పాసింజరెక్కింది.

తిలారు, ఆమదాలవలస, పొందూరు. ప్రతి స్టేషన్లోనూ దిగిపోదామనిపించింది. బడి వంట ఎవరు చేస్తున్నారో అన్న సాకు ఒకటి చేతిలో ఉండనే ఉంది. సిగడాం దాటాక ఇంక దారి లేదనిపించి కిటికీ చువ్వ గట్టిగా పట్టుకుని కూర్చుంది.

చీపురుపల్లిలో చిన్నతల్లి అన్న ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఆవిడ వదిన, చిన్నతల్లి ఎవరిదో పెళ్లిలో పనికి వెళ్లిందని చెప్పి కళ్యాణ మండపం దారి చూపించింది. "వంటోల జట్టుతో ఎల్తాది. అంట్లు తోమడానికే. గరిట మాత్రం ముట్టదు. ఇంట్లో కూడా పొయ్యెలిగించదు. ఈశ్వరి గుంటకి నానే ఒండి పెడతన్నాను ఐదేల్లబట్టీ" అంది, కొంచెం విసుగ్గానే.

మండపం వెనక, కుళాయి దగ్గర, తన నడుమంత ఎత్తున్న గుండిగలో తలదూర్చి తోముతోంది చిన్నతల్లి. మనిషి సగమైంది. అలికిడికి తల తీసి చూసి, ఒక నిమిషం పోల్చుకోలేదు. పోల్చుకున్నాక ముఖం విప్పారింది.

"అప్పా. ఎంత కాలానికే."

తడి చేతులతోనే వచ్చి, ఒక బోర్లించిన డేగిసా లాగి కూర్చోమంది. పులిహోర తెస్తానంది. ఎలీసమ్మ వద్దంది. తనేమీ అడక్కముందే చిన్నతల్లి తల దించుకుని మాట్లాడ్డం మొదలెట్టింది.

"నీకు నా మొకం సూపించనేక ఎల్లిపోనాను. నాతోబాటు నీమీదికీ మాట తెచ్చినాను. పేటోల మీద పడేద్దామని ఊరోలు కాసుకునున్నారు, నాకు తెల్దా? ఆ దినం మూతెట్టినట్టే గురుతు. మరి ఎట్టనేదేమో. ముందు రాత్రి గుంటకి జలుబని నిద్దర్నేదు. ఎంత తలుసుకున్నా సరిగ్గా గురుతు రాదప్పా. మూడు దినాలు దాని మంచం కాడ కూకుని అదే తలుసుకున్నాను. నువ్వు దాన్ని ఎత్తుకుని పరిగెట్టకపోతే నాకు దక్కునా?"

ఎందుకు పోట్లాడలేదో ఎలీసమ్మకి అప్పుడు తెలిసింది. అబద్ధాన్ని ఊరు నమ్మడం ఒక ఎత్తు. దాన్ని చిన్నతల్లే నమ్మింది.

లేచి వెళ్లిపోవచ్చు. ఆ పిల్ల తనని తప్పుపట్టడం లేదు సరికదా, దండం పెడుతోంది. ఇంకో రెండు మంచి మాటలు చెప్పి, ఈశ్వరి చేతిలో ఏదో పెట్టి, సాయంత్రం బండి ఎక్కేస్తే ఈ భూమ్మీద ఎవరికీ ఏ నష్టమూ లేదు. కుళాయి కింద నీళ్లు పారుతున్నాయి. లోపల మండపంలో సన్నాయి మేళం ఆగి, మళ్లీ మొదలైంది.

"నువ్వు మూతెట్టినావు సిన్నతల్లీ" అంది ఎలీసమ్మ. "తీసింది నాను."

చిన్నతల్లికి అర్థం కాలేదు. ఎలీసమ్మ ఆపకుండా చెప్పింది. పోపు, మేష్టారి పిలుపు, గరిటెలో వచ్చింది, పొయ్యిలోకి విసిరింది, వరండాలో అధికారి అడిగినప్పుడు చెప్పింది. చెబుతున్నంతసేపూ చిన్నతల్లి ఆవిడ నోటివైపే చూసింది, చెవిటివాళ్లు చూసినట్టు.

"సూసినావా?" అంది చివరికి.

"సూసినాను."

"సూసే ఒడ్డించినావా?"

"ఒడ్డించినాను."

"నా గుంటకి?"

"ఇంకొంచెం ఎయ్యమని అడిగితే ఏసినాను."

చిన్నతల్లి తిరిగి గుండిగ దగ్గరికెళ్లి కూర్చుంది. పీచు తీసుకుని, తోమిన చోటే మళ్లీ తోమింది. చాలాసేపు తోమింది. ఎలీసమ్మ నేల మీద మోకాళ్లూని, "నన్ను కొట్టు, ఏటన్నా సెయ్యి" అంది.

"లెగు. ఎవులన్నా సూస్తారు." చిన్నతల్లి గొంతులో ఏమీ లేదు, కోపం కూడా. "ఐదేల్లు నా కూతురికి నా సేత్తో ముద్ద పెట్టనేదు నాను. అది తింతంటే దాని మొకం సూడ్డానికి బయం. రాత్రి లేపి ఊపిరాడతందా అని సూసీదాన్ని. నీకిది తెల్దు."

"తెల్దు."

"ఇప్పుడు నాకు సెప్పేసి నువ్వు తేలికయిపోయి ఎల్లిపోతావు. అంతేనా?"

ఎలీసమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఆ దినం నువ్వు సెప్పినప్పుడు ఎవులెవులున్నారో ఆలందరి ముందరా, ఆ వరండాలోనే సెప్పు. అప్పుడు నాకాడికి రా. రాకపోయినా ఏటీ నేదు." పీచు నీళ్లలో పడేసి లేచింది. "ఎల్లిపో అప్పా, నాకు పనున్నాది." అప్ప అన్న సంగతి తనే గమనించినట్టు పెదవి కొరుక్కుంది.

బడికి ఒంటిపూట పెట్టిన రోజుల్లో జగన్నాధం మేష్టారి గది ముందు నిలబడి ఎలీసమ్మ అంతా చెప్పింది. ఆయన ఏప్రిల్లో రిటైరవుతున్నారు. లేచి తలుపు దగ్గరగా వేశారు.

"ఆ ఫైలు మూసేసి నాలుగేళ్లయింది. దాని మీద నా సంతకం ఉంది. ఇప్పుడెందుకమ్మా?"

"తల్లిదండ్రుల మీటింగు బుదారం ఉన్నాది కదా బాబూ. అక్కడ సెప్తాను."

"వద్దు. నేనొప్పుకోను." ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఆ రోజు నేను చిన్నతల్లిని ఒక్క మాట అడగలేదు. ఆవిడ ఆసుపత్రిలో ఉంది కదా, రిపోర్టు తొందరగా పంపాలి కదా అనుకున్నాను. ఎవరో ఒకరి పేరు దొరికింది, నాకూ గండం గడిచింది" అన్నారు. మళ్లీ గట్టిగా, "అయినా వద్దు" అన్నారు.

ఎలీసమ్మ చిన్నతల్లి అన్నకి ఫోను చేయించి, బుధవారం పదింటికి అని మాత్రం చెప్పమంది.

శుభ శుక్రవారానికి రెండు రోజుల ముందు, బుధవారం, బడి వరండాలో యాభై మందిదాకా చేరారు. మధ్యలో కూర్మయ్య కూర్చున్నాడు. ఆయన బడి కమిటీ పెద్ద, చిన్నతల్లి మావగారికి తమ్ముడు. పేటవాళ్లు ఒక పక్కగా నిలబడ్డారు. సత్యరాజు రానన్నవాడు వచ్చి, గోడకి ఆనుకుని నేలచూపులు చూస్తున్నాడు. ఫిన్నీ గారు గేటు బయటే ఆగిపోయారు. చిన్నతల్లి కనబడలేదు.

మేష్టారు మరుగుదొడ్ల సంగతి చదువుతుండగా ఎలీసమ్మ లేచింది. ఆయన చూశారు, చదవడం ఆపలేదు. ఆవిడ కూర్చోలేదు. కాసేపటికి ఆయన గొంతే దానంతటది ఆగిపోయింది. కాగితం మడిచి, వేరేవైపు తిరిగి, "చెప్పమ్మా" అన్నారు.

చెప్పడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ ఐదు నిమిషాల చివర వరండాలో ఎవరూ కదల్లేదు, ఆ తరవాత అందరూ ఒక్కసారే కదిలారు. ఒకావిడ వచ్చి ఎలీసమ్మ మొహాన దుమ్మెత్తి పోసింది. ఆవిడ కొడుకు ఆ ఇరవైముగ్గురిలో ఒకడు. ఎలీసమ్మ కళ్లు కూడా తుడుచుకోలేదు.

కూర్మయ్య కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "సూసినారా? అప్పుడే సెప్పినాను నాను. ఈల సేత ఒండించొద్దని, ఈల జాతే అంత అని సెప్పినానా నేదా? పేటోల్ని వంటశాల గుమ్మమెక్కనిస్తే..."

పేటవాళ్లలో కుర్రాళ్లు ముందుకి జరిగారు. సత్యరాజు గోడ వదిలి నిలబడ్డాడు. ఇంకొక్క మాట పడితే చేతులు లేచేవే.

"సిన్నమావా, కూకో."

గేటు దగ్గర, ఈశ్వరి చెయ్యి పట్టుకుని, చిన్నతల్లి. ఎప్పుడొచ్చిందో, ఎంతవరకు విందో. గుంపు దారిచ్చింది.

"అబద్దమాడింది ఎలీసమ్మ. పేట కాదు" అంది. "జాతి మాటెత్తకు. నన్నెల్లగొట్టిన దినాన్న మీరందరూ నా జాతే కదా. మూతెట్టినావేటే అని ఒక్కలడిగినారా నన్ను? నువ్వడిగినావా? మా అత్తడిగిందా?"

కూర్మయ్య కుర్చీ ముందుకి లాక్కుని కూర్చున్నాడు.

చిన్నతల్లి ఎలీసమ్మ వైపు ఒక్కసారే చూసింది. దగ్గరికి రాలేదు. ఈశ్వరికి పదమూడేళ్లు, తల్లి భుజం దాటి ఎదిగింది. ఆ పిల్ల మాత్రం వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్లింది. ఇద్దరూ వచ్చిన ఆటోలోనే వెళ్లిపోయారు.

వంటశాల తాళంచెవి ఎలీసమ్మ మేష్టారి బల్ల మీద పెట్టి ఇంటికొచ్చింది. ముఖం కడుక్కుని వచ్చేసరికి సత్యరాజు పీట వేసి, కంచంలో అన్నం, చారు పెట్టి కూర్చున్నాడు. నెల పైగా పెదవి విప్పని మనిషి.

"తిను" అన్నాడు.

ఈస్టరుకి ఇంకా నాలుగు రోజులున్నాయి. మిట్టమధ్యాహ్నం. ఎలీసమ్మ కూర్చుని తింది. రెండోసారి పెట్టించుకుని తింది. ఆ పూట సాయంత్రం ఫిన్నీ గారు వచ్చి ప్రార్థన చేశారు. అది చాలా చిన్న ప్రార్థన.

ఆయన చెప్పినట్టే పెద్దలు ఆవిణ్ణి మూడు నెలలు ప్రభువు బల్లకి దూరం పెట్టారు. శుభ శుక్రవారం మొదటి మాట ఇంకెవరో చెప్పారు. ఎలీసమ్మ వెనక వరసలో, చెప్పుల పక్కన కూర్చుని విన్నది. పేటలో కొందరు పరువు తీసిందన్నారు, కొందరు పలకరించడం మానేశారు. కోడళ్లకి ఇంకెవరూ ఆవిణ్ణి చూపించలేదు. మేష్టారు రిటైరయ్యే ముందు, పాత రిపోర్టు తప్పని తన చేత్తో రాసి పైకి పంపారు. జవాబు రాలేదు. జూన్‌లో బడి తెరిచినప్పుడు, చాలా వాదులాట తరవాత, వంట పేట నుంచి ప్రిస్కిల్లాకీ ఊళ్లోంచి నారాయణమ్మకీ కలిపి ఇచ్చారు. ఎలీసమ్మ భర్తతోపాటు సిమెంటు పనికి వెళ్తోంది. నడుం నొప్పి, కానీ పడుకుంటే నిద్ర పడుతోంది.

చిన్నతల్లి నుంచి కబురేమీ లేదు. ఎలీసమ్మ వెళ్లలేదు. వెళ్లి క్షమించమని మళ్లీ అడగడం కూడా ఒకరకంగా బలవంతమే అనిపించింది.

ఆ సంవత్సరం కోతలయ్యాక ఒకనాడు పొద్దున్నే చిన్నతల్లి వాకిట్లో నిలబడి ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు.

"నా పెనిమిటి వాటా పొలం ఎనబై సెంట్లు ఈశ్వరి పేర ఎయ్యమని అర్జీ పెట్టినాను. నాను ఊరొగ్గేసి లెగిసిపోనానని, పొలంతో నాకు లంకె నేదని సిన్నమావోలు సెప్తన్నారు. ఎందుకొగ్గినానో తెలిసినోలు ఒకలొచ్చి ఆఫీసులో సెప్పాల."

"నాను వస్తాను."

"ఇప్పుడే ఎల్లాల."

ఎలీసమ్మ సిమెంటు పనికి కట్టుకున్న చీర మార్చుకుని వచ్చింది. ఇద్దరూ ఒకే ఆటోలో, చెరో చివర కూర్చున్నారు. ఆటో కోటబొమ్మాళి తహసీల్దారు ఆఫీసు దగ్గర ఆగింది. ఆఫీసులో గుమాస్తా కాగితాలు తిరగేసి, ఎలీసమ్మ వైపు పెన్ను చూపించి, "ఈవిడ మీకేమవుతుంది?" అని చిన్నతల్లిని అడిగాడు.



"ఏటీ అవదు బాబూ. జరిగింది తెలిసిన మనిషి."

గుమాస్తా తల ఊపి, ఎలీసమ్మకి కుర్చీ చూపించి, చెప్పమన్నాడు. ఎలీసమ్మ కూర్చుని, ముసురు పట్టిన ఆ ఆగస్టు రోజునుంచి మొదలుపెట్టింది.